మునిరత్నమ్మ కుడిచెయ్యి

టక్‌టక్‌టక్‌మని నాలుగు సెకన్లు మోగి యంత్రం ఆగింది. తెరమీద ఎర్రటి ముడి అలాగే ఉంది.

"మళ్లీ," అన్నాడు డాక్టర్ సుగుణాకర్.

"ఈ రోజుకి ఇది ముప్పై రెండోసారి సార్," అంది టెక్నీషియన్ ఫిలోమినా. "యంత్రానికి విసుగు రాదు గానీ నాకు వస్తోంది."

"మళ్లీ."

కుర్చీలో కూర్చున్న మునిరత్నమ్మకు నలభై ఆరేళ్లు. శ్రీకాళహస్తిలో కలంకారీ బొమ్మలు గీస్తుంది. ఇప్పుడు గీయడం లేదు. రెండేళ్లుగా గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఆరు రకాల మాత్రలు పని చేయలేదు. రెండుసార్లు ప్రాణం తీసుకోబోయింది. రెండోసారి భర్త చెంగల్రాయుడు ఇంటికి తిరిగి రావడం నిమిషం ఆలస్యమైతే, ఈ తిరుపతి ల్యాబుదాకా రావలసిన అవసరమే ఉండేది కాదు.

అయస్కాంతంతో తలమీద తట్టి డిప్రెషన్ తగ్గించడం కొత్త సంగతి కాదు. మామూలు యంత్రం లోపల ఎవరున్నారో చూడకుండా తలుపు బాదుతుంది. సుగుణాకర్ తయారుచేసిన హెల్మెట్ ముందు చెవి పెట్టి వింటుంది. అందుకే దానికి 'శ్రోత' అని పేరు పెట్టాడు. దిగులు గడ్డకట్టిన మెదడులో ఒకే లయ గిరగిరా తిరుగుతూ ఉంటుంది. తెరమీద అది ఎర్రటి ముడిలా కనిపిస్తుంది. ఆ లయలో రెండు దెబ్బల మధ్య వచ్చే సందు చూసి శ్రోత తడుతుంది. అయిదు రోజుల్లో ముడి విడిపోతుంది. విడిపోయింది మళ్లీ పడదు. ఇప్పటికి పదకొండు మంది బాగుపడి ఇళ్లకు వెళ్లారు.

పన్నెండో మనిషి మునిరత్నమ్మ. ఇది అయిదో రోజు.

"తలకు ఎడమవైపు తడితే కుడి బొటనవేలు ఎగరాలి," అన్నాడు సుగుణాకర్ తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు. "ఎగిరింది. అక్కడి నుంచి ముందుకు అయిదున్నర సెంటీమీటర్లు. సరిగ్గానే పెట్టాం. మరి ఎందుకు విడిపోదు?"

ఫిలోమినా హెల్మెట్ తీసి బల్లమీద పెట్టబోయింది. దాని అంచు తగిలి మార్కర్ పెన్ను దొర్లి బల్ల చివరికి వచ్చి పడిపోయింది.

నేలమీద పడలేదు. మునిరత్నమ్మ ఎడమచేతిలో ఉంది.

పేరు పెట్టి పిలిస్తే తల తిప్పడానికి పది సెకన్లు తీసుకునే మనిషి ఆమె. రెప్పపాటులో పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకే తెలియలేదు. చేతిలోకి చూసుకుని, పెన్నును బల్లమీద పెట్టి, మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఫిలోమినా ఆ చేతివైపే చూస్తోంది. "అక్కా, నీది పుర్రచెయ్యా?"

"కాదు," అంది మునిరత్నమ్మ.

మూల కుర్చీలో ఉన్న చెంగల్రాయుడు లేచాడు. "ఏంది పాపా ఆ మాట? దేవుడి బొమ్మలు గీసే చెయ్యి అది. పుర్రచేత్తో ముద్ద ఎత్తితే మా ఇండ్లల్లో పళ్లెం ముందర నుంచి లేపేస్తారు."

"నేనేం తిట్టలేదన్నా. అడిగినా."

"కాగితంలో రాసినాం కదా, కుడి అని!"

"రాశారు," అన్నాడు సుగుణాకర్ నెమ్మదిగా. "మీ ఆవిడ చిన్నతనం తెలిసినవాళ్లు ఎవరున్నారు?"

మునిరత్నమ్మ అక్క మునెమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు. చిన్నప్పుడు చెల్లెలిది ఏ చేతివాటమని డాక్టర్ అడిగాడు.

"ఇప్పుడెందుకు సార్ ఆ సంగతి? పెండ్లయి ఇరవై ఆరేండ్లాయె. ఇప్పుడు మా మరిది దాన్ని వాపసు పంపిస్తాడా ఏంది?"

"నేను ఈడనే ఉండాను వదినా," అన్నాడు చెంగల్రాయుడు.

"ఉంటే ఉండు. నువ్వూ విను." మునెమ్మ గొంతు పెంచింది. "దానికి ఆరో ఏడు. ఏది పట్టుకున్నా ఎడం చెయ్యే. మా నాయన పాత చీరపేలికతో ఆ చెయ్యి నడుముకు కట్టేసినాడు. అన్నం తినేటప్పుడు కట్టేది, బొమ్మ గీసేటప్పుడు కట్టేది. రెండేండ్లు సార్. పుర్రచేత్తో దేవుడి కన్ను గీస్తే ఇంటికి అరిష్టమని ఆయన భయం. అది గమ్మున కుడిచేత్తో నేర్చుకునింది. మా నాయన కంటే బాగా గీసింది. ఇంక ఎవురికి గుర్తుంటాది?"

ఫోన్ పెట్టేశాక చెంగల్రాయుడు భార్య పక్కకు వచ్చి నిలబడ్డాడు. "ఇరవై ఆరేండ్లు ఒకే కంచంలో తిన్నాం మే. ఒక్క మాట చెప్పలే."

"నాకే గుర్తు లేదు," అంది మునిరత్నమ్మ.

ఫిలోమినా పాత ఫైళ్లు తిరగేసింది. ఈ ప్రయోగానికి పేరిచ్చినవాళ్లు నూట నలభై మంది. ఏ చేతివాటం అన్న ప్రశ్నకు నూట నలభై మందీ కుడి అనే రాశారు.

"నూట నలభైలో ఒక్కరు కూడా లేరంటే మనకు అనుమానం రావద్దా సార్? మన దగ్గర ఎడంచేతివాళ్లు పుట్టకుండా ఉండరు. ఉండనివ్వరు. మనం అడగాల్సింది, చిన్నప్పుడు ఏ చేయి అని."

సుగుణాకర్ ఒక ఫైలు అందుకున్నాడు. ఆ ప్రశ్న రాసింది ఆయనే. ఆయనకు అరవై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. ఇంట్లో, బళ్లో, పెళ్లి బంతుల్లో ఎడంచేతిమీద పడిన దెబ్బలు బోలెడు చూశాడు. ఒక్కటీ గుర్తు రాలేదు.

పుట్టుకతో ఎడంచేతివాళ్లకు ముడి తలకు కుడివైపు ఉండొచ్చని, మర్నాడు హెల్మెట్‌లో తట్టే కాయిల్‌ను కుడివైపుకు మార్చారు. సగం బలంతోనే ఎడమ బొటనవేలు ఎగిరి పడింది. ఆ వెంటనే తెరమీద ముడి కనిపించింది. పెద్దది, చిక్కనిది. అయిదు రోజులుగా తాము తట్టింది దాని నీడనని అర్థమైంది.

"దొరికింది!" అని ఫిలోమినా చప్పట్లు కొట్టింది.

సుగుణాకర్ మీట మీద వేలు పెట్టి ఆగిపోయాడు. తెరకు దగ్గరగా వంగాడు. ముడి చుట్టూ సన్నటి దారాలు కొన్ని కుడిచేతిని నడిపించే చోటుకు పోతున్నాయి. మామూలుగా అవి అక్కడ ఉండకూడదు.

"అమ్మా, ఒక పెన్సిల్ ఇస్తాను. ఒక గీత గీస్తారా?"

మునిరత్నమ్మ పెన్సిల్ తీసుకుంది. ఇంకా కాగితానికి తగలనేలేదు, ముడి భగ్గుమంది. పెన్సిల్ పక్కన పెట్టించాడు. తగ్గింది. మళ్లీ ఇచ్చాడు. మళ్లీ భగ్గుమంది. గ్లాసు ఇచ్చి నీళ్లు తాగమన్నాడు. ఏమీ లేదు. పెన్సిల్ ఇస్తే మాత్రం మంట.

ఆయన యంత్రం కట్టేశాడు.

క్యాంటీన్‌లో టీ ముందు పెట్టుకుని ఫిలోమినాకు చెప్పాడు. "ఆరేళ్ల పిల్లకు చెయ్యి కట్టేస్తే మెదడు ఊరుకోదు. చుట్టూ తిరిగి ఇంకో దారి వేసుకుంటుంది. నలభై ఏళ్లు ఆ దారిలోనే బొమ్మలు గీసింది. ఈ జబ్బు వచ్చి సరిగ్గా ఆ దారిమీదే కూర్చుంది."

"చెయ్యి కట్టేయడం వల్లే జబ్బు వచ్చిందా సార్?"

"అలా అనను. కట్టేయకపోయినా వచ్చేదేమో. కూర్చోవడానికి మాత్రం ఆ చోటే దొరికింది. ముడి విప్పితే దారి కూడా పోతుంది."

"చెయ్యి పడిపోతుందా?"

"పడిపోదు. జడ వేసుకుంటుంది. కూర తరుగుతుంది. సంతకమూ పెడుతుంది. గీత మాత్రం రాదు. మన పని శాశ్వతం కదా. మళ్లీ వస్తుందని ఎవరికీ మాట ఇవ్వలేను."

టీ మీద మీగడ కట్టింది. ఇద్దరూ తాగలేదు.

ఉన్నదున్నట్టు చెప్పి ఒప్పుకోలు కాగితం ముందు పెడితే మునిరత్నమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీ ఇష్టం సార్."

"ఇక బొమ్మలు గీయలేరమ్మా."

"పోనీండి. ఉండి మాత్రం ఏం చేస్తా ఉండాది?"

పెన్ను అందుకోబోయింది. సుగుణాకర్ కాగితం వెనక్కి లాక్కున్నాడు.

చెంగల్రాయుడికి కోపం వచ్చింది. "ఆమె సరే అంటా ఉంటే మీకేం కష్టం సార్?"

"ఈ మాట అంటోంది ఆవిడ కాదు, జబ్బు. ఏది పోయినా ఫరవాలేదు అనడమే ఈ జబ్బు. దాని సంతకం నేనెలా తీసుకోను?"

"మీ చదువులు నాకు తెలీవు. నాకు ఆమె బతకాల. ఒకసారి మా ఇంటికి రాండి. వచ్చి చూసి అప్పుడు మాట్లాడండి."

శనివారం ఉదయం సుగుణాకర్ శ్రీకాళహస్తి వెళ్లాడు. ఇల్లు రెండు గదులు, వెనక రంగు తొట్టెలు. మునిరత్నమ్మ లోపల పడుకుని ఉంది. ముందుగదిలో గోడ పొడవునా గుడ్డ వేలాడుతోంది. కరక్కాయ, గేదెపాలు పట్టించిన లేత పసుపు గుడ్డమీద నల్లటి గీతల్లో భూదేవి. రంగులు ఇంకా వేయలేదు.

ఆయనకు బొమ్మల సంగతి తెలియదు. అయినా భుజం దగ్గర మొదలైన గీతను పట్టుకుని కిందికి చూస్తూ వెళ్లాడు. నడుము దాటింది, మోకాలు దాటింది, మడమ దగ్గర తిరిగింది. మనిషి ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన చోటు ఎక్కడైనా ఉంటుందని వెతికాడు. లేదు. రెండో పాదం దగ్గర బొమ్మ ఆగిపోయింది.

"రెండేండ్లయింది ఆడ ఆగి," అన్నాడు చెంగల్రాయుడు. "నేను ఉతికేవాణ్ణి సార్. ఏట్లో ఉతుకుతా, రంగులేస్తా. గీత ఆమెది."

"ఆ పాదం ఇంకొకరితో గీయించలేరా?"

"ఊర్లో నలభై మంది ఉండారు, గీస్తారు. పటానికి ఇంకొకరు దొరుకుతారు సార్. నాకు ఈమె మాదిరి ఇంకొకతె యాడ దొరుకుతాది?"

"రేపు ఆవిడ బాగై, ఈ గుడ్డ ముందు నిలబడి, నన్ను అడక్కుండా నా చెయ్యి ఎందుకు తీసుకున్నారంటే?"

"అడిగినాం కదా!"

"మనం అడిగింది లోపల పడుకున్నావిడను. ఇది గీసినావిడను అడగలేదు."

చెంగల్రాయుడు గుడ్డవైపు తిరిగాడు.

సోమవారం ఆ మాట విని ఫిలోమినా అంది. "అయితే గీసినావిడనే పిలిచి అడుగుదాం సార్."

"ఎలా?"

"యంత్రం కొత్తలో మనం చేసేవాళ్లం కదా, మూడో వంతు బలంతో. ముడి విడిపోదు, వదులవుతుంది అంతే. కాసేపు మనిషి మామూలుగా ఉంటుంది. తర్వాత మళ్లీ బిగుసుకుంటుంది."

"నలభై నిమిషాలు," అన్నాడు సుగుణాకర్. "అదీ ఒక్కసారే. రెండోసారికి మెదడు అలవాటు పడిపోతుంది." కొంచెంసేపు కిటికీలోంచి కొండవైపు చూశాడు. "అదిగాక, బయటికి తెచ్చి మళ్లీ లోపలికి తోసేయడం."

"తెలుసు సార్. ఇంకో దారి ఉంటే చెప్పండి."

లేదు.

మంగళవారం పది గంటలకు మొదలుపెట్టారు. పది నిమిషాలు తట్టాక ఫిలోమినా హెల్మెట్ తీసి గడియారం నొక్కింది. మునిరత్నమ్మ కళ్లు మూసుకుని ఉంది. తెరిచింది. ముందు పైకి చూసింది.

"ఆ ఫ్యానుకు అంత దుమ్మేంది? ఆస్పత్రి కదా ఇది?"

ఆమె తల తిప్పి భర్తను చూసింది.

"ఏందయ్యా ఆ గడ్డం? ఎవురన్నా పోయినారా?"

చెంగల్రాయుడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వో మరొకటో బయటికి రానివ్వలేదు.

సుగుణాకర్ ముందు కూర్చుని అంతా చెప్పాడు. మొత్తం అయిదు నిమిషాలు పట్టింది. ఆమె మధ్యలో అడ్డు రాలేదు.

"ఇప్పుడు బాగుండాను. మళ్లీ ఆ చీకట్లోకి పోతానా?"

"పోతారమ్మా."

"ఇంకెంతసేపు?"

"ముప్పై నాలుగు నిమిషాలు," అంది ఫిలోమినా.

"అయితే మీరు నన్ను చూస్తా కూర్చుంటే ఎట్ల? కలం ఇయ్యండి."

చెంగల్రాయుడు సంచిలోంచి వెదురు కలం, నల్లరంగు సీసా, రెండు మూరల గుడ్డ తీశాడు. ఆమె గుడ్డను బల్లమీద పరిచి అరచేత్తో నిమిరింది. కలం ముంచింది. మొదలుపెట్టింది. చెయ్యి ఆగకుండా నడిచింది. చిలుక ముక్కు, మెడ, రెక్క, ఒక్క గీతలో తోకదాకా వచ్చింది. ఫిలోమినా గడియారం చూడటం మరిచిపోయింది.

"ఎంత అన్యాయం సార్," అంది మునిరత్నమ్మ తల ఎత్తకుండా. "బాగుంటేనే గీయాలనిపిస్తాది. బాగుపడితే గీయలేనంటారు."

"అవునమ్మా."

"చెయ్యి కట్టేసి నేర్పించినారంటారా? ఉండొచ్చు. అయినా ఇది నాదే సార్. మన పేరు మనం పెట్టుకున్నామా? ఎవురో పెడతారు. పిలవంగా పిలవంగా మనదే అయిపోతాది."

చెంగల్రాయుడు ముందుకు వచ్చాడు. శనివారం నాటి మాట ఇప్పుడు ఆయన నోట్లో లేదు. "ఒద్దంటే ఒద్దుమే. నేను చూసుకుంటా. కాపలా ఉంటా. రెండేండ్లు ఉండలేదా?"

"ఉన్నావులే. అద్దంలో మొహం చూసుకున్నావా? చెరువులో తేలిన పీనుగ మాదిరి ఉండావు. నిన్ను ఎవురు చూసుకుంటారు?"

ఆమె ఇంకో చిలుక మొదలుపెట్టింది. మొదటిదానికి ఎదురుగా, దాని ముక్కుకు ముక్కు తగిలేటట్టు.

"పదిహేను నిమిషాలు," అంది ఫిలోమినా మెల్లగా.

మునిరత్నమ్మ కలం పక్కన పెట్టింది. "సంతకం యాడ పెట్టాల?"

"తొందర లేదమ్మా. ఆలోచించి..."

"ఆలోచించడానికి మళ్లీ ఎప్పుడు దొరుకుతా సార్ మీకు?" కాగితం తనవైపు లాక్కుంది. "ఆ లోపల ఉండేదానికి నా చెయ్యి ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. నాకు ఒకటి కాదు. ప్రాణం ఉసూరుమంటా ఉండాది. అది తెలిసిన మనిషినే అడిగినారు. మంచి పని చేసినారు." అక్షరం అక్షరంగా పేరు రాసింది. "ఇంకొక మాట. కాసేపుంటే నేను వద్దంటానో, మీ ఇష్టమంటానో తెలీదు. ఏమన్నా సరే, దాని మాట వినొద్దండి."

సుగుణాకర్ తల ఊపాడు.

ఆమె మళ్లీ కలం తీసుకుంది. రెండో చిలుక రెక్క దాకా వచ్చింది. నలభై మూడో నిమిషంలో చెయ్యి నెమ్మదించింది. కలాన్ని కాసేపు ఎవరిదో అన్నట్టు చూసి బల్లమీద పెట్టేసింది.

"ఇంటికి పోదామా?" అంది. గొంతులో ఏమీ లేదు.

బుధవారం నుంచి ఆదివారం దాకా కుడివైపు తట్టారు. రెండో రోజు మునిరత్నమ్మ "ఎందుకు సార్ ఇదంతా, వదిలేయండి" అంది. సుగుణాకర్ వినలేదు. మూడో రోజు ముడి సగమైంది. అయిదో రోజు సాయంత్రం నాలుగింటికి ఆఖరి దారం విడిపోయింది. తెర ఖాళీగా ఉంది. పదకొండుసార్లు అది చూసినప్పుడు సుగుణాకర్ అందరికీ స్వీట్లు తెప్పించాడు. ఈసారి తెప్పించలేదు.

మూడు వారాలు చెంగల్రాయుడు రోజూ ఫోన్ చేశాడు. ఈరోజు తనే స్నానం చేసింది. ఈరోజు ఉగ్గాని చేసింది, ఉప్పెక్కువైందంటే గరిటె చూపించింది. ఈరోజు ఎదురింటామెతో నీళ్లకాడ పోట్లాడి గెలిచింది. ఫిలోమినా ఆ కబుర్లన్నీ సార్‌కు చేరవేసేది. ఆయన ఒకటే అడిగేవాడు. "కలం పట్టిందా?"

"లేదంట సార్."

ఇరవై రెండో రోజు ఉదయం ఫోన్ మోగింది. చెంగల్రాయుడు. "ఫిలోమినమ్మా, సార్‌ను తీసుకుని రా. పొద్దున కలం ముంచి ఆ పటం ముందర కూర్చునింది. రెండు గంటలుగా ఏడుస్తానే ఉంది. ఆగడం లే. మళ్లీ వచ్చినట్టుంది ఆ మాయదారిది."

శ్రోతను కారులో వేసుకుని గంటలోపే చేరారు. దారి పొడవునా సుగుణాకర్ ఒకటే అనుకున్నాడు. ముడి విడిపోతే మళ్లీ పడదు. ఆయన పదేళ్ల పని ఆ ఒక్క మాటమీద నిలబడి ఉంది. అది తప్పయితే ఈమె చెయ్యీ పోయింది, ప్రాణమూ పోతుంది. ఆ కాగితం ముందు పెట్టింది తను.

మునిరత్నమ్మ చాపమీద కూర్చుని ఉంది. గుడ్డ ఒళ్లోకి జారింది. భూదేవి రెండో పాదం దగ్గర జానెడు గీత ఉంది. రెండుచోట్ల తెగి, వంకర తిరిగి, చివర మరకై పరుచుకుంది. ఆమె పెద్దగా, సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ ఏడుస్తోంది.

సుగుణాకర్ శ్రోత పెట్టె తెరిచాడు. హెల్మెట్ తీసి ఆమె తలమీద పెట్టాడు. ఫిలోమినా ల్యాప్‌టాప్ తెరిచింది.

"ఎడమవైపు?"

"ఖాళీ సార్."

"కుడివైపు చూడు."

"చూశా. ఖాళీ."

"ఇంకోసారి చూడు ఫిలోమినా."

"మూడుసార్లు చూశా సార్. ముడి లేదు, దాని దారం కూడా లేదు." ఫిలోమినా ల్యాప్‌టాప్ ఆయనవైపు తిప్పింది. "జబ్బు కాదు సార్. ఏడుస్తోంది, అంతే."

మునిరత్నమ్మ ఎర్రబడిన కళ్లతో పైకి చూసింది.

"దీన్ని తీస్తారా సార్?" అంది ఎక్కిళ్ల మధ్య. "నలభై ఏండ్ల చెయ్యి పోయింది నాకు. కాసేపు నన్ను ఏడ్చుకోనీండి."

సుగుణాకర్ రెండు చేతులతో హెల్మెట్ తీసి ఫిలోమినాకు ఇచ్చాడు. చెప్పులు గడప అవతల విడిచి వచ్చి, చాపకు ఒక పక్కగా, నేలమీద కూర్చున్నాడు.